ఫారం 5695: అమెరికా పైకప్పుల మీద జాతి లెక్క

అమెరికాలో సొంత ఇంటి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్న తెలుగువారికి ఫారం 5695 సుపరిచితమే. ప్యానెళ్లకైన మొత్తాన్ని అందులో చూపిస్తే, దానిలో 30 శాతం ఆ ఏడాది ప్రభుత్వానికి కట్టవలసిన ఆదాయపు పన్నులోంచి తగ్గేది. 25,000 డాలర్లు ఖర్చయితే 7,500 డాలర్లు మిగిలినట్టే. మేమూ ఆ ఫారం నింపి ఆ లాభం పొందినవాళ్లమే. అందులో ఎక్కడా జాతి గురించి, ఒంటి రంగు గురించి ప్రశ్న ఉండదు. అయినా ఇన్నేళ్లుగా ఆ కాగితం మీదుగా ప్రవహించిన డబ్బు ఎవరి ఇళ్లకు చేరిందో, ఎవరి ఇళ్లకు చేరలేదో చూస్తే, ఎవరూ అడగని ఆ ప్రశ్నకు జవాబు దానంతటదే తేలుతుంది.

2019లో నేచర్ సస్టెయినబిలిటీ పత్రికలో డెబోరా సంటర్, సెర్జియో కాస్తెయానోస్, డేనియల్ కామెన్ ఒక పరిశోధన ప్రచురించారు. గూగుల్ సంస్థ ప్రాజెక్ట్ సన్‌రూఫ్ పేరుతో పైకప్పుల చిత్రాలనుంచి సేకరించిన సమాచారాన్ని వాళ్లు జనగణన వివరాలతో కలిపి చూశారు. సగటు ఆదాయం ఒకే స్థాయిలో ఉన్న పేటలను మాత్రమే పోల్చి, ఏ జాతీ మెజారిటీగా లేని పేటలను కొలబద్దగా పెట్టుకున్నారు. నల్లజాతివారు ఎక్కువగా ఉన్న పేటల్లో పైకప్పు సోలార్ 69 శాతం తక్కువగా, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్నవారి) పేటల్లో 30 శాతం తక్కువగా, తెల్లవారి పేటల్లో 21 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అద్దెకుండేవారు ప్యానెళ్లు పెట్టించుకోలేరు కదా, తేడా అంతా అక్కడిదేనేమో అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. అందుకని సొంత ఇళ్ల శాతం సమానంగా ఉన్న పేటలను విడిగా పోల్చారు. అప్పుడూ నల్లజాతి పేటలు 61 శాతం, హిస్పానిక్ పేటలు 45 శాతం వెనకబడే ఉన్నాయి. పేదరికం వల్ల పెట్టించుకోలేదు, అద్దె ఇళ్ల వల్ల పెట్టించుకోలేదు అని తేల్చేసి ఊరుకునే వీలును ఈ పరిశోధన తీసేసింది.

మరి కారణాలేమిటి? ముందుగా పన్ను సంగతి. పన్నులోంచి తగ్గించే రాయితీ పన్ను కట్టేవాడికే పనికొస్తుంది. ఏ ఏడాది చూసినా అమెరికాలో దాదాపు 40 శాతం కుటుంబాలకు కేంద్రానికి కట్టవలసిన ఆదాయపు పన్ను ఉండదు. అలాంటి ఇంటికి 7,500 డాలర్ల రాయితీ కాగితం మీది అంకెగానే ఉండిపోయేది. మిగిలినదాన్ని తర్వాతి ఏళ్లకు జరుపుకోవచ్చని చట్టం చెప్పేది కానీ, ఆ ఏళ్లలోనూ పన్ను లేకపోతే జరుపుకుని ప్రయోజనం ఉండేది కాదు. బర్క్‌లీ ఆర్థికవేత్తలు సెవెరిన్ బోరెన్‌స్టైన్, లూకస్ డేవిస్ 2006 నుంచి 2012 వరకు ఇళ్లకు, వాహనాలకు ఇచ్చిన ఇలాంటి రాయితీలను లెక్కగట్టారు. వాటిలో దాదాపు 60 శాతం ఆదాయంలో పైనున్న అయిదో వంతు కుటుంబాలకు దక్కితే, కింది మూడు వంతులకూ కలిపి చేరినది 10 శాతం. మధ్యలో దళారులు లేరు, దొంగలెక్కలు లేవు. చట్టం ఎలా రాశారో అలాగే అమలైంది, అంతే.

అయితే ఆదాయం సమానంగా ఉన్న పేటల మధ్య కూడా తేడా ఎందుకొచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి ఆస్తి వైపు చూడాలి. ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం 2022లో తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900 డాలర్లు. ఒకే జీతం తెచ్చుకునే రెండు ఇళ్లలో ఒకరి చేతిలో తాత కొన్న ఇల్లు, తండ్రి దాచిన డబ్బు ఉంటాయి. రెండోవారి చేతిలో ఈ నెల జీతం మాత్రమే ఉంటుంది. ముందుగా పాతిక వేలు పెట్టుబడి పెట్టి, రాయితీ కోసం వచ్చే ఏప్రిల్ దాకా ఎదురు చూడగలిగేది మొదటి కుటుంబమే.

ఆ తాత ఇల్లు ఎలా కొన్నాడన్నదాని వెనక పెద్ద చరిత్ర ఉంది. 1933లో ఏర్పడిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. పేటలను నాలుగు తరగతులుగా విడదీసి, మేలైనవాటికి ఆకుపచ్చ, తరువాతివాటికి నీలం, ఆపై పసుపు, అప్పు ఇవ్వడం ప్రమాదకరం అనుకున్నవాటికి ఎరుపు రంగు వేశారు. నల్లజాతివారు నివసించే పేటలు దాదాపు అన్నీ ఎరుపులోకే వెళ్లాయి. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి రుణాలకు ప్రభుత్వ పూచీ ఇచ్చేటప్పుడు ఇదే ధోరణిని నియమంగా పాటించింది. యుద్ధం తర్వాత లెవిట్‌టౌన్ లాంటి కొత్త శివారు కాలనీలు ప్రభుత్వ పూచీతోనే లేచాయి, కానీ వాటిలో నల్లజాతివారికి ఇల్లు అమ్మేవారు కాదు. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం ఈ వివక్షను నిషేధించేనాటికి ఒక తరమంతా ఇళ్లు కొనుక్కోవడం, వాటి విలువ పెరగడం రెండూ అయిపోయాయి. ఈనాటికీ తెల్లవారిలో దాదాపు 74 శాతానికి సొంత ఇళ్లుంటే నల్లజాతివారిలో 45 శాతానికి అటూ ఇటూగా ఉన్నాయి. 1990ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చిన మనవాళ్లు ఆ శివారు ఊళ్లలోనే ఇళ్లు కొన్నారు. ఆ చరిత్రలో మన పాత్ర ఏమీ లేదు, నిజమే. కానీ అది చదును చేసి పెట్టిన నేల మీదే మన ఇళ్లూ లేచాయని గుర్తించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పాత పేటల్లో సొంత ఇల్లున్నవారికి కూడా కష్టాలు వేరుగా ఉంటాయి. ప్యానెళ్లు ఇరవై, పాతికేళ్లు ఉండేవి కనుక, వాటి కింది పైకప్పు కూడా అన్నాళ్లు నిలవాలి. కప్పు పాతబడితే ముందు దాన్ని మార్చమంటారు. ఇంట్లోని మెయిన్ ప్యానెల్ (ఇంటికి వచ్చే కరెంటును పంచే బోర్డు) పాతకాలపుదైతే దాన్నీ మార్చాలంటారు. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు కొన్ని ఇళ్లలో ప్యానెళ్ల ఖర్చును తలదన్నుతుంది. గుమ్మం దాటి వీధిలోకి వస్తే అక్కడ తీగల సమస్య ఎదురవుతుంది. కాలిఫోర్నియాలోని విద్యుత్ పంపిణీ లైన్లను పరిశీలించి అన్నా బ్రాక్‌వే, మరో ఇద్దరు పరిశోధకులు 2021లో నేచర్ ఎనర్జీలో రాసిన వ్యాసంలో, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న చోట్ల లైన్లకు కొత్త సోలార్‌ను తట్టుకునే సామర్థ్యం మిగతా చోట్లకంటే తక్కువగా ఉందని చూపించారు. డబ్బు పోగు చేసుకుని, కప్పు మార్చుకుని, మెయిన్ ప్యానెల్ వేయించుకుని సిద్ధమైన మనిషికి చివర్లో స్తంభం దగ్గర చుక్కెదురవుతుందన్నమాట. నేను ఈ విషయంలో చదివినవాటన్నిటిలోనూ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. లైన్ల మందం జాతిని బట్టి నిర్ణయించాలని ఏ ఇంజనీరూ అనుకుని ఉండడు. ఎక్కడ పెట్టుబడి పెట్టాలో దశాబ్దాల పాటు తీసుకున్న చిన్న చిన్న నిర్ణయాలు పోగుపడి అలా తయారైంది.

ఇరుగుపొరుగు ప్రభావం కూడా తక్కువేమీ కాదు. ఒక వీధిలో ఒకరు పెట్టించుకుంటే పక్కవారూ పెట్టించుకునే అవకాశం పెరుగుతుందని కాలిఫోర్నియా వివరాల ఆధారంగా బోలింజర్, గిల్లింగమ్ 2012లోనే నిరూపించారు. పరిశోధన అక్కర్లేకుండా మన వాట్సాప్ గ్రూపులు చూసినా ఇది అర్థమవుతుంది: ఏ కంపెనీ మంచిది, వాటుకు ఎంత అడుగుతున్నారు, రిఫరల్ డబ్బు ఎవరి పేరు మీద తీసుకోవాలి అన్న చర్చలు వారాల తరబడి నడుస్తాయి. మొదటి ఇల్లే లేని పేటలో ఈ గొలుసు మొదలు కాదు. అక్కడికి కబురు మోసుకొచ్చేది తలుపు తట్టే అమ్మకందారు. అతను తెచ్చే ఒప్పందంలో పాతికేళ్ల గడువు, ఏటా పెరిగే కిస్తీ, ఇల్లు అమ్ముకునేటప్పుడు అడ్డొచ్చే షరతు ఉంటాయి. సోలార్ రుణాల్లో నగదు ధర మీద 30 శాతం, అంతకు మించి కూడా కలిపేస్తున్నారని 2024లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ హెచ్చరించింది. మోసపోయినవారి కథలు విన్న పేటలో మంచి పథకం వచ్చినా ఎవరూ తలుపు తీయరు.

ఇక నెట్ మీటరింగ్ మీద జరిగే వాదన. పగలు మన ఇంట్లో మిగిలిన కరెంటును గ్రిడ్డుకు పంపి, అదే ధరకు రాత్రి తిరిగి తీసుకునే పద్ధతి ఇది. ప్యానెళ్లున్నవారి బిల్లు తగ్గినప్పుడు తీగల నిర్వహణ భారం లేనివారి మీద పడుతుందని విద్యుత్ కంపెనీలు అంటాయి. ఇందులో కొంత నిజముంది, ముఖ్యంగా కాలిఫోర్నియాలో. అక్కడ 2023 ఏప్రిల్‌నుంచి కొత్తగా చేరేవారికి గ్రిడ్డుకు పంపిన కరెంటు మీద ఇచ్చే ధరను బాగా తగ్గించారు. పేదల పేరు చెప్పి చేసిన ఈ మార్పు తర్వాత బ్యాటరీ కూడా కొనగలిగినవారికే లెక్క గిట్టుబాటు కావడం మొదలైంది. అంటే తలుపు సందు మరింత ఇరుకైంది. ఆదాయంలో ఎంత భాగం ఇంధన బిల్లులకు పోతోందో చూస్తే, తెల్ల కుటుంబాలతో పోలిస్తే నల్లజాతి కుటుంబాల మీద భారం 43 శాతం, ఆదివాసుల మీద 45 శాతం ఎక్కువని ఇంధన పొదుపు మీద పనిచేసే ఏసీఈఈఈ అనే సంస్థ 2020లో లెక్కించింది. ఈ తేడా సోలార్ పుట్టకముందు నుంచీ ఉన్నదే. అప్పుడు గుర్తు రాని పేదలు కంపెనీలకు తమ ఆదాయం తగ్గేటప్పుడు గుర్తొచ్చారంటే నాకు అనుమానమే.

ఇంతవరకూ చెప్పినది పైకప్పుల సంగతి. నవాహో నేషన్‌కు వెళితే ఇదే అన్యాయం మరో రూపంలో కనిపిస్తుంది. ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరుచుకున్న ఈ ఆదివాసుల భూమి కింద బొగ్గూ యురేనియమూ రెండూ ఉన్నాయి. 1944 నుంచి 1986 వరకు అణ్వాయుధాల కోసం, తర్వాత అణువిద్యుత్తు కోసం దాదాపు మూడు కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వి తీశారు. అయిదు వందలకు పైగా గనులను శుభ్రం చేయకుండా వదిలేసి వెళ్లారు. బొగ్గు కథ మరింత సూటిగా ఉంటుంది. 1970లలో పేజ్ అనే ఊరి దగ్గర నవాహో జనరేటింగ్ స్టేషన్ కట్టారు. 2,250 మెగావాట్ల ఆ ప్లాంటుకు కయెంటా గని నుంచి బొగ్గు రైల్లో వచ్చేది. అక్కడ పుట్టిన కరెంటు నగరాలకు వెళ్లేది. కొలరాడో నది నీటిని ఎడారి మీదుగా ఫీనిక్స్, టూసాన్ నగరాలకు ఎత్తిపోసే పంపులను నడిపించేది కూడా ఆ కరెంటే. ఎత్తైన స్తంభాల మీద హైటెన్షన్ లైన్లు నవాహో ఇళ్ల మీదుగానే పోయేవి, కానీ ఆ ఇళ్లలో చాలావాటికి కరెంటు లేదు.

2019లో ఆ ప్రాంతానికి కరెంటు ఇచ్చే ఎన్‌టీయూఏ అనే ఆదివాసుల సొంత సంస్థ, దేశంలోని ఇతర ప్రభుత్వ విద్యుత్ సంస్థల లైన్‌మెన్లను రప్పించి ఇళ్లకు లైన్లు వేయించే కార్యక్రమం మొదలుపెట్టేనాటికి దాదాపు 15,000 ఇళ్లు చీకట్లో ఉన్నాయని అంచనా. దేశంలో కరెంటు లేని ఇళ్లలో అత్యధిక భాగం ఇవే. ఇళ్లు ఒకదానికొకటి మైళ్ల దూరంలో ఉంటాయి కనుక, ఒక్కో ఇంటికి లైను వేయడానికి పదుల వేల డాలర్లవుతుంది. ఇన్సులిన్ చెడిపోకుండా ఐసుపెట్టెలో దాచుకోవడం, జనరేటరుకు పెట్రోలు కోసం గంటల తరబడి ప్రయాణించడం అక్కడ ఈ శతాబ్దంలో కూడా మామూలు విషయాలు.

అదే 2019 నవంబరులో బొగ్గు ప్లాంటు మూతపడింది. సహజవాయువు చవకై బొగ్గు కరెంటు గిట్టుబాటు కాకపోవడంతో యజమానులు దాన్ని వదులుకున్నారు. గాలి శుభ్రపడింది, నిజమే. కానీ గనిలోనూ ప్లాంటులోనూ పనిచేసిన వందలాది మంది, వాళ్లలో అత్యధికులు ఆదివాసులే, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. నవాహోల, పొరుగు ఆదివాసులైన హోపీల ప్రభుత్వాలకు బొగ్గు మీద వచ్చే రాబడి ఆగిపోయింది. వాతావరణ మార్పు గురించి నగరాల్లో కూర్చుని రాసేవాళ్లం బొగ్గు ప్లాంటు మూతను విజయంగా లెక్కవేసుకుంటాం. ఆ విజయానికి అయిన ఖర్చు ఎవరి ఖాతాలోంచి పోయిందో ఆ లెక్కలో రాయం.

అయితే అదే నేల మీద మరో పని కూడా జరిగింది. ఎన్‌టీయూఏ కయెంటా దగ్గర సొంతంగా సోలార్ క్షేత్రం కట్టింది. 2017లో మొదటి దశ, 2019లో రెండోది పూర్తయ్యి, రెండూ కలిపి దాదాపు 55 మెగావాట్లయ్యాయి. పాత ప్లాంటులో యాజమాన్యం బయటివారిది. ఇక్కడ ప్యానెళ్లూ, అమ్మకం మీద వచ్చే డబ్బూ వాళ్లవే. కట్టడంలో పనిచేసినవారిలో ఎక్కువమంది కూడా నవాహోలే. మరోవైపు, లైను వేయడం కుదరని దూరపు ఇళ్లకు ప్యానెల్, బ్యాటరీ కలిపి బిగించే పనిని నేటివ్ రెన్యూవబుల్స్ అనే సంస్థ చేపట్టింది. దాన్ని స్థాపించిన ఇద్దరు ఆదివాసీ మహిళల్లో ఒకరైన వాలియా జాన్స్ తర్వాత కేంద్ర ఇంధన శాఖలో ఆదివాసీ ఇంధన విభాగానికి అధిపతి అయ్యారు. 55 మెగావాట్లు 2,250కి ఏ మూలకూ సరిపోవు. కానీ యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మారిన చోటు ఇదే కాబట్టి, ప్యానెళ్ల సంఖ్య కంటే నాకు ఇది ముఖ్యంగా తోచింది.

ప్యానెల్ తయారయ్యే చోటి సంగతి చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. 2020 ప్రాంతంలో ప్యానెళ్లకు ముడిసరుకైన పాలీసిలికాన్‌లో, ప్రపంచం మొత్తం మీద దాదాపు 45 శాతం చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి వచ్చింది. అక్కడి ఉయ్గుర్ ముస్లింలను బలవంతంగా పనిలో పెడుతున్నారన్న ఆధారాల మీద అమెరికా 2021 డిసెంబరులో ఒక చట్టం చేసి, 2022 జూన్‌నుంచి ఆ సరుకును సరిహద్దులో ఆపడం మొదలుపెట్టింది. ప్యానెళ్ల ధర పెరుగుతుందని అప్పట్లో గొణిగినవారిలో పర్యావరణవాదులూ ఉన్నారు.

ప్రభుత్వం ఈ అన్యాయాలను చూడలేదని కాదు. 2021 జనవరిలో బైడెన్ ప్రభుత్వం జస్టిస్40 ప్రకటించి, వాతావరణ పథకాల లాభంలో 40 శాతం వెనకబడ్డ ప్రాంతాలకు అందాలంది. ఏవి వెనకబడ్డ ప్రాంతాలో తేల్చడానికి 2022లో ఒక పటం తయారు చేశారు. అందులో ఆదాయం, కాలుష్యం, జబ్బులు, ఇంధన బిల్లులు లెక్కలోకి వచ్చాయి. జాతి మాత్రం రాలేదు. జాతిని కొలతగా పెడితే కోర్టులో నిలవదన్న భయం వల్ల దాన్ని వదిలేశారు. జాతిని బట్టి ఎరుపు రంగు పూసిన ప్రభుత్వమే, ఆ గాయానికి మందు రాసేటప్పుడు జాతి పేరు ఎత్తలేని పరిస్థితి. ఇండియాలో చూస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా సోలార్ బిగిస్తామని కులం పేరు చెప్పే ప్రకటించింది. అక్కడి కేంద్రం సూర్యఘర్ పథకంలో ఇచ్చే రాయితీ కూడా ఆదాయపు పన్నుతో సంబంధం లేకుండా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అమలు ఎలా ఉంటుందన్నది వేరే చర్చ. కనీసం రూపకల్పనలో మనవాళ్లు ఈ రెండు మెట్లూ దాటారు.

2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం పన్ను చిక్కుకు కొంత పరిష్కారం చూపింది. పన్ను కట్టని చర్చిలు, బడులు, పురపాలక సంస్థలు, ఆదివాసీ ప్రభుత్వాలు రాయితీని నేరుగా నగదుగా తీసుకునే వీలు కల్పించింది. పేదల ఇళ్లకూ పేటలకూ చేసే పనులకు అదనపు రాయితీ పెట్టింది. 700 కోట్ల డాలర్లతో సోలార్ ఫర్ ఆల్ అనే పథకం తెచ్చింది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రాలు, ఆదివాసీ బృందాలు, స్వచ్ఛంద సంస్థలు కలిపి 60 మందిని ఎంపిక చేశారు. 2025 జనవరి 20న జస్టిస్40 రద్దయింది. ఆగస్టులో సోలార్ ఫర్ ఆల్‌ను కేంద్ర ప్రభుత్వ పర్యావరణ రక్షణ సంస్థ ఆపేసింది, విషయం కోర్టుల దాకా వెళ్లింది. చాలా రాష్ట్రాలు ఉద్యోగులను తీసుకుని, నియమాలు రాసుకుని, ప్యానెళ్లు బిగించడానికి సిద్ధమైన దశలో ఇది జరిగింది. జాతి వివక్ష ఎనభై ఏళ్ల పాటు తీరిగ్గా పనిచేసింది, దాని దిద్దుబాటుకు మాత్రం మూడేళ్ల గడువు దొరికింది.

ఇది సాధ్యమేనా అని అడిగేవారికి నేను కనెటికట్ రాష్ట్రాన్ని చూపిస్తాను. స్వచ్ఛ ఇంధనానికి పెట్టుబడి సమకూర్చే అక్కడి గ్రీన్ బ్యాంక్ 2015లో పోసిజెన్ అనే కంపెనీతో కలిసి ఒక పథకం నడిపింది. న్యూ ఆర్లియన్స్‌లో, కత్రినా తుపాను తర్వాత ఇళ్లు తిరిగి కట్టుకునే రోజుల్లో పుట్టిన కంపెనీ అది. ప్యానెళ్లు కొనమనలేదు, లీజుకిచ్చారు. క్రెడిట్ స్కోరు అడగలేదు. ఇంట్లోకి గాలి చొరబడే సందులు మూసే పని కూడా అదే ఒప్పందంలో చేర్చారు. పన్ను రాయితీ కంపెనీకి వెళ్లి, దాని మేరకు అద్దె తగ్గింది. పేటలకు వెళ్లి మాట్లాడేందుకు అక్కడివారినే పెట్టుకున్నారు. నల్లజాతి, హిస్పానిక్ పేటల్లో సోలార్ మిగతావాటితో సమానంగా, కొన్నిచోట్ల అంతకు మించి పెరిగింది. అంటే 2019 పరిశోధనలో కనిపించిన 69 శాతం తేడా తలరాత కాదు, పథకాల రాత. ఆ పోసిజెన్ కూడా 2025 ఆగస్టులో డబ్బు అందక పని ఆపేసింది.

2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, సొంతంగా ప్యానెళ్లు కొనుక్కునేవారికి ఫారం 5695 మీద వచ్చే సోలార్ రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ప్యానెళ్లు తన పేరు మీద ఉంచుకుని ఇంటికి లీజుకిచ్చే కంపెనీకి మాత్రం మరి కొంతకాలం రాయితీ ఉంటుంది. కనుక ఇప్పుడు కేంద్రం డబ్బు ఇంటి పైకప్పుకు చేరే దారి దాదాపు లీజు ఒక్కటే, శివారులో ఉన్న మనకైనా, నగరం నడుమ పాత ఇంట్లో ఉన్నవారికైనా. ఏటా పెరిగే కిస్తీకి పరిమితి ఎంత, ఇల్లు అమ్మేటప్పుడు ఏం చేయాలి, కంపెనీ మూతపడితే మరమ్మతు ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలు ఇన్నాళ్లూ ఎరుపు గీత అవతలివారివిగానే ఉండిపోయాయి. ఇప్పుడవి మన వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చాయి. వీటికి నియమాలు రాయవలసింది రాష్ట్రాల శాసనసభలూ విద్యుత్ కమిషన్లూ. ఆ కమిషన్ల బహిరంగ విచారణల్లో ఎవరైనా మాట్లాడవచ్చు. మా రాష్ట్రంలో వచ్చే విచారణకు నేను పేరు నమోదు చేసుకున్నాను.